నీళ్ల కిట్ పెట్టించొద్దు, ముందు ఇవి చూపించండి

మీ పాత స్విఫ్ట్ మైలేజీ 18 నుంచి 13కి పడిపోయిందని, నీళ్లతో నడిచే హెచ్‌హెచ్‌ఓ కిట్ (నీటిని కరెంటుతో హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి ఇంజన్‌కి పంపేది) పెడితే పెరుగుతుందని మెకానిక్ అంటున్నాడని రాశారు. దయచేసి పెట్టించకండి. నీరంటే హైడ్రోజన్ కాలిపోయాక మిగిలేదే. దాన్ని మళ్లీ విడగొట్టాలంటే కరెంటు కావాలి, ఆ కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్, అంటే ఇంజన్‌కి తగిలించిన జనరేటర్, దాన్ని తిప్పేది మీ పెట్రోలే. కిలో హైడ్రోజన్ తీయడానికి సుమారు 50 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది, ఆ హైడ్రోజన్‌లో ఉండే శక్తి 33 యూనిట్లే. ఇంజన్‌లో కాలిస్తే చక్రాలకి 10 యూనిట్లు చేరడం కూడా కష్టం.

అమెరికాలో నీళ్ల కారు చేశానన్న స్టాన్లీ మేయర్‌ది మోసమని 1996లో ఒహాయో కోర్టు తేల్చి, పెట్టుబడిదారులకు 25,000 డాలర్లు తిరిగి ఇప్పించింది.

ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని కిట్లతో ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కారు కంప్యూటర్‌కి చెప్పేది) సిగ్నల్‌ని మార్చే చిన్న పెట్టె కూడా ఇస్తారు. దాంతో పెట్రోలు తక్కువగా వెళ్తుంది, మైలేజీ పెరిగినట్టే కనిపిస్తుంది, కానీ ఇంజన్ వేడెక్కి వాల్వులు కాలిపోవచ్చు.

ముందు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు చూపించండి. ఓ పది కిలోమీటర్లు నడిపి, చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తున్నట్టే. అన్నీ బాగుంటే కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టించి ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.