ముందు పది సెంట్లలో వేసి చూడు

అమ్మలూ,

సొంత వెబ్‌సైట్ పెట్టుకుంటున్నాను, ఏ ఫ్రేమ్‌వర్క్ వాడమంటావు మావయ్యా అని అడిగావు. అది తర్వాత చూద్దాం. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి కొత్త వంగడం మినీకిట్, అంటే వేసి చూడమని ఇచ్చే చిన్న విత్తనాల సంచి, వస్తే మీ తాతయ్య ఏం చేసేవారో గుర్తుందా? కాలవ పక్కన పది సెంట్లలో వేసి, గాలికి పడిపోతుందా, నీళ్లు నిలిస్తే తట్టుకుంటుందా, సుడిదోమకి ఆగుతుందా అన్నీ చూసుకున్నాక, మరుసటి ఏడాదికి గాని మిగతా చేలో వేసేవారు కాదు. నీ సైట్ ఆ పది సెంట్లు. ఆఫీసు ప్రాజెక్టు చేను.

ముందు ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా, పేజీలు రాసే ఉత్త హెచ్‌టీఎంఎల్‌తో ఒక పేజీ రాసి పెట్టు. జావాస్క్రిప్ట్ ఆపేసినా అది చదవడానికి రావాలి. దాని మీద ఒకసారికి ఒక్క కొత్తదే పెట్టు. రెండు కలిపి వేశావంటే ఏది తేడా చేసిందో తెలియక తెల్లవార్లూ కూర్చుంటావు.

నేను సర్వీస్ వర్కర్ అలాగే నేర్చుకున్నాను, అంటే పేజీ కాపీని ఫోన్లో దాచి, నెట్ లేకపోయినా చూపించే చిన్న స్క్రిప్టు. దానికి సైట్ హెచ్‌టీటీపీఎస్ మీద, అంటే భద్రమైన కనెక్షన్ మీద ఉండాలి, సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఉచితంగానే ఇస్తారు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తెరిస్తే, గోదావరి నడిమధ్యలో నెట్ లేకుండా పేజీ వచ్చేసింది, ఆ సంతోషం ఇప్పటికీ మర్చిపోలేను. వారం తిరిగాక పేజీలో ఒక తప్పు దిద్దాను, మీ అమ్మ ఫోన్లో మాత్రం పాతదే కనిపిస్తోంది. ఏదడిగినా దాచిన కాపీయే ఇమ్మని రాశాను గాని కొత్తది తెమ్మని ఎక్కడా చెప్పలేదు మరి. ఆ దాచిన పాత కాపీలు (క్యాష్) చెరిపేసేలా సర్వీస్ వర్కర్ ఫైలు మార్చి మళ్లీ ఎక్కించాకే దారికొచ్చింది. అదే ఆఫీసు సైట్లో అయితే జనం పాత ధరలు చూస్తూ ఉండేవారు.

ఇంకో మాట, సైట్ తెలుగులో కూడా రాయి. ఇంగ్లీషు పాఠాల్లో బయటపడని తప్పులు మన లిపి దగ్గర బయటపడతాయి. ‘లక్ష్మి’ మనకి రెండక్షరాలు కదా, జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ (పొడవు) అడిగితే విడి గుర్తులన్నీ లెక్కేసి 7 అంటుంది. కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో అది 21 బైట్లు. అక్షరాలు విడగొట్టే జావాస్క్రిప్ట్ పనిముట్టు ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) 2024కల్లా పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చింది, నీ మొదటి ప్రయోగం దాంతోనే చెయ్యి, రెండు మూడు ఫోన్లలో చూడు, పాత ఫోన్ కూడా. లైన్ హైట్, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు, 1.2 పెడితే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడొచ్చు, నేనైతే 1.7 పెడతాను.

ఆఫీసు కోడ్ ఒక్క లైను కూడా తేకు. ఏ రోజు ఏం పెట్టావో, ఏం చెడిందో అక్కడే ఒక పేజీలో రాసుకో, బాగా వచ్చినవాటికంటే చెడినవే వివరంగా రాయి, ఏడాది తర్వాత నీకు పనికొచ్చేవి అవే.

సంక్రాంతికి వస్తావుగా, అప్పటికి ఒక్క పేజీ అయినా పెట్టు. పంటు మీద తెరిచి చూద్దాం.

మీ మావయ్య