తలెత్తి చూడవలసిన ఇల్లు

అమ్మాయికి ఆశీస్సులు.

తిరుపతి గోవిందరాజస్వామి గుడి వీధుల గురించి నీవు పంపిన వ్యాసం అందింది. ‘వెయ్యేళ్ల నాటి ఈ ఇల్లు’ అన్న మాట దగ్గర ఆగిపోయి, కోపం తగ్గాక మిగతాది చదివాను. ఆ ఇంటి వసారాకు మంగళూరు పెంకులున్నాయని నీవే రాశావు. మంగళూరులో ఆ పెంకుల కార్ఖానా మొదలైందే 1860లలో. రామానుజులవారు 1130 ప్రాంతంలో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారంటారు గనుక వీధికి దాదాపు అంత వయసుంటే ఉండవచ్చు, ఇంటికి ఉండదు. ఉత్సవమూర్తి తిరగాలి గనుక గుడి చుట్టూ ఉన్న మాడవీధి దారి నిలిచింది. దాని రెండు పక్కలా ఇళ్లు పడిపోతూ, లేస్తూ వచ్చాయి. వీధి వయసును ఇంటికి అంటగట్టడం మన రచయితలకు పట్టిన పాత జబ్బు.

పాత మిద్దె లోపలికి వెళ్లి ముందు తలెత్తి చూడు. టేకు దూలాలు, వాటి మీద దగ్గరదగ్గరగా దంతెలనే సన్నని అడ్డకర్రలు, ఆపైన అంచు మీద నిలబెట్టి పేర్చిన సన్నని ఇటుకలు, అన్నిటికీ పైన గానుగలో నూరిన సున్నం కనిపిస్తే అది మద్రాసు మిద్దె. పక్క గదికి సిమెంటు స్లాబు ఉంటే, అది ఎవరి కాలంలో, ఏ అవసరానికి వచ్చిందో అడుగు. ఆ జవాబే నీ కథ.

1891లో ఊరికి రైలు వచ్చింది, 1944లో కొండకు ఘాట్ రోడ్డు తెరిచారు. యాత్రికులు పెరిగేకొద్దీ వీధివైపు అరుగు అంగడి అయింది, మేడ మీద అద్దె గదులు లేచాయి. అరుగులను ఆధునికత మింగేసిందని వాపోయావు. మింగినవాడు ఇంటి యజమానే, కూతురి పెళ్లి కోసమో, అన్నదమ్ముల వాటాల కోసమో. అరుగు స్తంభానికి మిగిలిపోయిన ఇనుప కడియం గురించి రాసిన వాక్యం మాత్రం బాగుంది.

ఒకప్పుడు పాత ఇళ్ల మీద నేను రాసిన వ్యాసంలోంచి సున్నం, దంతెల పేరా మొత్తం కొట్టేసి, ‘బాల్య స్మృతులు కాస్త కలపండి’ అన్నాడు ఒక ఆదివారం సంచిక సంపాదకుడు. ప్రూఫులు దిద్దుకుని బతుకుతున్న రోజులవి, ఆ పారితోషికం నాకు అవసరమే. అయినా కలపలేదు, వ్యాసం చాలాకాలం ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. నేటికీ ఆ సంపాదకుల సంతతికి కన్నీళ్లు కావాలి, కొలతలు అక్కర్లేదు.

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు ఆ ఇంటివాళ్లను బతిమాలి పాత దస్తావేజు చూడు. హద్దులు చెప్పే చెక్కుబందీలో తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఎవరి దొడ్డి అని రాసి ఉంటుంది. ఈనాటి అంగళ్లతో దాన్ని సరిపోల్చుకుని వ్యాసాన్ని మళ్లీ మొదటినుంచి రాయి. దస్తావేజు నకలు దొరికితే నాకూ ఒకటి పంపు.