‘సెటిల్డ్’ అంటే తీరిపోయిన అప్పు కాదు

ప్రశ్న: 2021లో నా ఉద్యోగం పోయినప్పుడు క్రెడిట్ కార్డు బకాయి వడ్డీలతో కలిసి 84 వేల రూపాయలకు చేరింది. బ్యాంకు వారే ఫోను చేసి, ఒకేసారి 45 వేలు కడితే ఖాతా ముగించేస్తామన్నారు. చేబదుళ్లు తెచ్చి కట్టాను, వారు ఉత్తరం కూడా ఇచ్చారు. ఆ తర్వాత ఏ చెల్లింపూ తప్పలేదు. ఇప్పుడు ఇంటి రుణానికి వెళితే క్రెడిట్ స్కోరు (అప్పులు తీర్చే తీరును చూపే అంకె) 640 మాత్రమే ఉందంటూ దరఖాస్తు తిరస్కరించారు. తీర్చేసిన అప్పుకు ఇంకా ఈ శిక్ష ఏమిటి? — ఒక పాఠకురాలు

జవాబు: మీరు జతచేసిన క్రెడిట్ రిపోర్టు (అప్పులు, చెల్లింపుల వివరాలుండే పత్రం) ప్రతిని మొదటి నుంచి చివరి దాకా చదివాను. మీ ప్రశ్నకు జవాబు ఆ 640 అంకెలో లేదు. లోపలి పేజీలో, పాత కార్డు ఖాతాకు ఎదురుగా ఉన్న ‘సెటిల్డ్’ అన్న మాటలో ఉంది. మీ దృష్టిలో 45 వేలు కట్టడంతో అప్పు తీరింది. బ్యాంకు లెక్కలో మాత్రం రావలసిన 84 వేలలో 39 వేలు రాలేదు. మొత్తం చెల్లించిన ఖాతాను ‘క్లోజ్డ్’ అని, కొంత వదులుకుని ముగించిన ఖాతాను ‘సెటిల్డ్’ అని, రాదని లెక్కల్లోంచి తీసేసిన బాకీని ‘రిటన్ ఆఫ్’ అని నివేదిస్తారు. వాడుకలో మనం ‘సెటిల్ చేసుకున్నాం’ అంటే గొడవ వదిలిందని అర్థం. రుణమిచ్చేవారికి అదే మాట, ఈ వ్యక్తి దగ్గర ఒకసారి నష్టపోయామన్న హెచ్చరిక. ఫోనులో బేరం కుదుర్చుకునేటప్పుడు ఈ తేడాను మీకు ఎవరూ విడమరచి చెప్పలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. అది మీ తప్పు కాదు.

ఆ మాట కింద ఉన్న నెలవారీ గడులను కూడా ఒకసారి చూడండి. ఒక్కో నెలకు ఒక్కో గడి ఉంటుంది, అందులోని అంకె గడువు దాటి ఎన్ని రోజులైందో చెబుతుంది. వాయిదా సకాలంలో కడితే ‘000’ అని గాని, ‘ఎస్‌టీడీ’ అని గాని పడుతుంది. ‘ఎక్స్ఎక్స్ఎక్స్’ అని ఉంటే ఆ నెల సమాచారం బ్యాంకు పంపలేదని అర్థం. మీ కార్డు వరుసలో 030, 061, 091, 122 అని నాలుగు గడులు కనిపిస్తున్నాయి. 90 రోజులు దాటిన బాకీని బ్యాంకులు మొండి బకాయిగా వర్గీకరిస్తాయి గనుక, మూడో గడి దగ్గరే మీ ఖాతా స్థితి మారిపోయింది. రుణ అధికారి మీ జీతం కాగితాలకంటే ముందు చూసేది ఈ గడులనే. జీతం, బ్యాంకు నిల్వ, ఆస్తి స్కోరు లెక్కలోకి రావు. రాబడి బాగా పెరిగినా స్కోరు పెరగలేదని ఆశ్చర్యపోయేవారు నాకు తరచుగా రాస్తుంటారు, అందుకే ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇప్పుడు చేయవలసింది: ఆ బ్యాంకుకు ఉత్తరం గాని, ఈమెయిల్ గాని రాసి, అప్పట్లో వదులుకున్న మొత్తంలో ఎంత చెల్లిస్తే ఖాతాను ‘క్లోజ్డ్’గా నివేదిస్తారో అడగండి. చాలా బ్యాంకులు ఇందుకు ఒప్పుకుంటాయి, కాని తప్పనిసరిగా ఒప్పుకోవాలన్న నిబంధన లేదు. అందువల్ల జవాబు రాతపూర్వకంగా చేతికొచ్చే వరకు ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఈసారి ఫోను మాటతో సరిపెట్టుకోవద్దని మీకు నేను గట్టిగా చెబుతున్నాను. చెల్లించాక బాకీ ఏమీ లేదన్న ధ్రువపత్రాన్ని, అంటే నో డ్యూస్ సర్టిఫికెట్‌ను తీసుకుని భద్రపరచండి. బ్యాంకులు ఈ సమాచారాన్ని నెలకు బదులు పక్షానికోసారి పంపాలన్న నిబంధన 2025 జనవరి 1 నుంచి వచ్చింది గనుక, ఖాతా స్థితి మారిందో లేదో నెల తర్వాత రిపోర్టు తీసి చూస్తే తెలిసిపోతుంది.

స్థితి మారినా, ఆలస్యాన్ని చూపే ఆ నాలుగు గడులు వెంటనే చెరిగిపోవు. ఇలాంటి సమాచారాన్ని కనీసం 7 సంవత్సరాలు భద్రపరచాలని నిబంధనలే చెబుతున్నాయి. డబ్బు తీసుకుని వాటిని తుడిచేస్తామని, స్కోరును నెలలో 800 చేస్తామని చెప్పే మధ్యవర్తులు మీకు తారసపడతారు. నిజమైన నమోదును తొలగించే అధికారం వారిలో ఎవరికీ లేదు. తప్పుగా నమోదైనదాన్ని సరిచేయించుకోవడానికి వారి అవసరమే లేదు. దయచేసి పాన్, ఆధార్ ప్రతులను అలాంటివారి చేతిలో పెట్టకండి.

ప్రశ్న: నేను ఎన్నడూ తీసుకోని 30 వేల రూపాయల వ్యక్తిగత రుణం నా రిపోర్టులో కనిపిస్తోంది. బ్యాంకును అడిగితే రిపోర్టు తయారు చేసే సంస్థ సిబిల్‌ను అడగమంటున్నారు, సిబిల్‌ను అడిగితే బ్యాంకు చెబితేనే మారుస్తామంటున్నారు. ఎవరిని పట్టుకోవాలి? — ఒక పాఠకుడు

జవాబు: ఇద్దరినీ, ఒకే రోజున, రాతపూర్వకంగా పట్టుకోండి. రిపోర్టు తయారు చేసే సంస్థ సొంతంగా అంకెలు రాయదు. రుణసంస్థలు పంపినదాన్నే క్రోడీకరిస్తుంది, వారి ధ్రువీకరణ లేకుండా మార్చలేదు. సిబిల్ వారు మీకు చెప్పినది నిజమే, కాని దానితో వారి బాధ్యత తీరిపోదు. మీ ఫిర్యాదును బ్యాంకుకు పంపి జవాబు రాబట్టవలసింది వారే.

రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఇచ్చిన ఆదేశం మీకు ఇక్కడ ఆధారం. 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉన్న ఆ నిబంధన ప్రకారం ఫిర్యాదు అందిన 30 రోజుల్లోగా పరిష్కరించకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం చెల్లించాలి. సవరించిన సమాచారాన్ని బ్యాంకు 21 రోజుల్లోగా పంపకపోతే ఆ పరిహారం బ్యాంకు మీద పడుతుంది. బ్యాంకు సకాలంలో పంపినా రిపోర్టు సంస్థ జాప్యం చేస్తే ఆ సంస్థ మీద పడుతుంది. ఇద్దరికీ ఒకే రోజున రాయమన్నది ఇందుకే. ఫిర్యాదు సంఖ్య, తేదీ మీ దగ్గర ఉంటే ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో లెక్క తేలిపోతుంది. మీ అభ్యర్థనను తోసిపుచ్చితే కారణం తెలియజేయవలసిన బాధ్యత కూడా వారికుంది. 30 రోజులు దాటినా పరిష్కారం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదులను విచారించే అధికారికి, ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి రిపోర్టులు తయారు చేసే క్రెడిట్ సమాచార సంస్థలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి.

మీ ఉత్తరంలో లేని ఒక సంగతి కూడా చూసుకోవాలి. ఆ రుణం మీ పేరు, పుట్టిన తేదీ కలిసిన మరొకరిది పొరపాటున చేరిందా, లేక మీ పాన్‌తో ఎవరైనా నిజంగానే తీసుకున్నారా? రిపోర్టు మొదటి భాగంలో ఉన్న చిరునామాలను, ఫోను నంబర్లను ఒక్కొక్కటిగా పరిశీలించండి. అక్కడ మీకు తెలియని నంబరు కనిపిస్తే అది మోసం కావచ్చు. అప్పుడు సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోను చేసి, పోలీసు ఫిర్యాదు ప్రతిని కూడా బ్యాంకుకు పంపండి. మన దేశంలో క్రెడిట్ రిపోర్టులు తయారు చేసే సంస్థలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హై మార్క్. ఒకదానిలో సరిచేస్తే మిగిలిన మూడింటిలో సరైపోయిందని అనుకోకండి, ప్రతి రిపోర్టునూ విడిగా చూడండి. ఒక్కో సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి.

ప్రశ్న: మన స్కోరును మనమే తరచుగా చూసుకుంటే తగ్గిపోతుందంటారు, నిజమేనా? కార్డు బిల్లులో ‘కనీస చెల్లింపు’ కడుతూ ఉంటే సరిపోతుందా?

జవాబు: మన రిపోర్టును మనం చూసుకోవడం వల్ల స్కోరు తగ్గదు. రుణం కోసం దరఖాస్తు చేసినప్పుడు ఆ సంస్థ తీసే రిపోర్టు మాత్రం ‘ఎంక్వైరీ’గా నమోదవుతుంది, కొద్ది వారాల్లో అలాంటివి అనేకం పడితే, డబ్బుకు బాగా ఇరుకున పడిన మనిషిగా కనిపిస్తారు.

కనీస చెల్లింపు కడితే ఆలస్యం నమోదు కాదు గాని, మిగిలిన మొత్తంపై వడ్డీ భారీగా పెరుగుతుంది. కార్డు పరిమితిలో ఎక్కువ భాగం వాడేసినట్లు కనిపించడం స్కోరును కిందికి లాగుతుంది. లక్ష పరిమితి ఉంటే బాకీ 30 వేలు మించకుండా చూసుకోమని చెప్పడం ఆనవాయితీ. అది నిబంధన కాదు, జాగ్రత్త మాత్రమే. ఎప్పుడైనా మరచిపోయి గడువు దాటితే కంగారుపడకండి. గడువు తేదీ తర్వాత 3 రోజులు దాటితేనే కార్డు సంస్థ ఆ ఖాతాను బకాయి పడినట్లు నివేదించాలి.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఇంతవరకు అప్పు చేయలేదు. స్కోరు చోట ‘ఎన్‌హెచ్’ అని వచ్చింది. అది చెడ్డ స్కోరా? మిత్రుడు తన రుణానికి నన్ను హామీ ఉండమంటున్నాడు. దానివల్ల నా స్కోరు మొదలవుతుందా?

జవాబు: ఎన్‌హెచ్ అంటే రుణ చరిత్ర లేదని మాత్రమే. అది 300 నుంచి 900 వరకు ఉండే కొలమానంలోకి మీరు ఇంకా అడుగుపెట్టలేదన్న సూచన. మొదటిసారి రుణం అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించరాదని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా బ్యాంకులు ఇచ్చే క్రెడిట్ కార్డు ఒకటి తీసుకుని, కొద్దిగా వాడుతూ ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టండి. కొన్ని నెలల్లో స్కోరు దానంతట అదే వస్తుంది.

హామీ విషయంలో మాత్రం తొందరపడకండి. హామీదారుగా సంతకం చేసిన రుణం మీ రిపోర్టులోనూ కనిపిస్తుంది; మిత్రుడు వాయిదా తప్పితే ఆ ఆలస్యం మీ పేరు మీద కూడా పడుతుంది, బ్యాంకు మిమ్మల్ని అడగవచ్చు. ఆ అప్పు మొత్తాన్నీ మీరే తీర్చవలసి వచ్చినా తట్టుకోగలనని అనుకుంటేనే సంతకం చేయండి. ఒకవేళ చేస్తే, బ్యాంకు దగ్గర మీ ఫోను నంబరు సరిగా ఉందో లేదో ఆ రోజే చూసుకోండి. బకాయి సమాచారాన్ని నివేదించేటప్పుడు రుణసంస్థలు పంపే సందేశం మీకు చేరాలంటే ఆ నంబరు సరైనదై ఉండాలి.