స్క్రిప్ట్‌లో నుంచి వేరే ఊర్లోని మెషీన్‌లో ప్రోగ్రాం నడిపేదెట్లా?
కర్నూల్లో కూర్చోని అనంతపురం ఆఫీసులోని లినక్స్ మెషీన్‌లో ప్రోగ్రాం నడపాలంటే ఎస్ఎస్‌హెచ్ (వేరే మెషీన్‌లోకి భద్రంగా పోయి కమాండ్ నడిపే టూల్) చాలన్నా, యూజర్ పేరు, అట్ గుర్తు, మెషీన్ అడ్రస్, పక్కనే కోట్స్‌లో కమాండ్, అంతే. పాస్‌వర్డ్ అడిగితే స్క్రిప్ట్ ఆడే నిల్చిపోతాది కాబట్టి ముందు ఎస్ఎస్‌హెచ్ కీజెన్‌తో పాస్‌వర్డ్ బదులు పనికొచ్చే కీల జత చేసుకోని, ఎస్ఎస్‌హెచ్ కాపీ ఐడీతో పబ్లిక్ కీ ఆ మెషీన్‌కి పంపెయ్, పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్‌లో రాసే పని మాత్రం పెట్టుకోవద్దు. కోట్స్ కాడ చూస్కో: డబుల్ పెడితే డాలర్ గుర్తున్న వేరియబుల్ నీ మెషీన్‌లోనే విలువ తీసుకుంటాది, సింగిల్ అయితే ఆడికి పోయినాక. గంటలు గంటలు నడిచేదైతే కమాండ్ ముందు నోహప్ (కనెక్షన్ తెగినా ప్రోగ్రాంని ఆగనీయనిది) పెట్టి, అవుట్‌పుట్, ఎర్రర్లు రెండూ లాగ్ ఫైల్‌కి మళ్ళించి, ఇన్‌పుట్ డెవ్ నల్ (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్) నుంచి ఇచ్చి, కోట్స్ మూసేలోపే చివర్లో యాంపర్సండ్ (&) వెయ్యి, ఈడ కరెంటు పోయినా ఆడ పని జరుగుతానే ఉంటాది. కమాండ్ ముగిసినాక వచ్చే నంబర్, అంటే ఎగ్జిట్ కోడ్, 255 వస్తే మామూలుగా కనెక్షన్‌లోనే తేడా.