ఎక్స్‌రేలో తెల్ల గీత పడింది, మళ్లీ తీశారు.. ప్రమాదమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 62 ఏళ్లు. మూడు వారాలుగా దగ్గు తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించాం. అందులో కుడివైపు పైనుంచి కిందిదాకా సన్నటి తెల్ల గీత కనిపించింది. 'డిటెక్టర్‌లో తేడా ఉంది, క్యాలిబ్రేషన్ చెయ్యాలి' అని టెక్నీషియన్ గంటసేపు కూర్చోబెట్టి మళ్లీ తీశారు. ఈసారి గీత లేదు, రిపోర్టు నార్మల్ అని ఇచ్చారు. రెండుసార్లు రేడియేషన్ పడింది కదా, ఏమైనా అవుతుందా? అసలు ఆ మెషిన్‌ను నమ్మొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మీ భయం సంగతి చూద్దాం. ఛాతీ ఎక్స్‌రే ఒకసారి తీస్తే ఒంటికి అందే రేడియేషన్ సాధారణంగా 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి పడే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) లోపే. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనుషులకు ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతుంది. రెండోసారి తీసినందుకు అమ్మగారికి ఏమీ కాదు. గీతను చూసీ చూడనట్టు వదిలేసి రిపోర్టు చేతిలో పెట్టి ఉంటే అది తప్పయ్యేది. ఆ టెక్నీషియన్ సరైన పనే చేశారు.

డిజిటల్ ఎక్స్‌రేలో పాత ఫిల్మ్ చోట ఉండే పలకే డిటెక్టర్. కిరణాలు పడగానే అందులోని సీజియం అయోడైడ్ పొర వెలుగుతుంది. ఆ వెలుగును కింద వరుసలుగా ఉన్న లక్షల పిక్సెళ్లు కొలుస్తాయి. ఒక వరుస పనిచేయకపోతే బొమ్మ మీద గీత పడుతుంది. మొదటి ఫిల్మ్ మీ దగ్గరుంటే ఒకసారి చూడండి. గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉండి, ఒంటి అంచు దాటి ఖాళీ జాగాలోకీ పోయిందంటే అది మెషిన్ గీతే. ఊపిరితిత్తి జబ్బు అలా ఒంటి బయటికి పోదు.

క్యాలిబ్రేషన్ అంటే డిటెక్టర్‌ను సరిచూసి సర్దడం. అప్పుడు మెషిన్ ముందు మనిషి ఉండరు. ఖాళీ డిటెక్టర్ మీద కిరణాలు సమంగా పడేలా చేసి, చచ్చిపోయిన పిక్సెళ్లను గుర్తిస్తారు. పక్కవాటి విలువలతో సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీ నింపుతుంది. కొద్దిపాటి పిక్సెళ్లకైతే ఫర్వాలేదు. ఒకే చోట ఎక్కువ పోతే మాత్రం అక్కడున్న చిన్న మచ్చ కూడా ఆ పూతలో కలిసిపోవచ్చు. అందుకే సరిచేసి ఊరుకోకుండా, వాటి లెక్క పెరుగుతోందా అని ప్రతిసారీ రాసి పెట్టుకోవాలి.

నేను పీజీ చేసే రోజుల్లో ఒక ఉదయం వరసగా ముగ్గురు పేషెంట్ల ఎక్స్‌రేల్లో ఒకే చోట చిన్న తెల్ల మచ్చ వచ్చింది. ముగ్గురికీ వాడిన క్యాసెట్, అంటే ఎక్స్‌రే ప్లేటు పెట్టే పెట్టె, ఒకటే. తెరిచి చూస్తే ప్లేటు మీద దుమ్ము రేణువు! మొదటి పేషెంటును అప్పటికే సీటీ స్కాన్‌కు పంపడానికి రాశాం. ప్లేట్లను క్రమం తప్పకుండా తుడిచి చూసి ఉంటే ఆ కుటుంబానికి ఆ కంగారు ఉండేది కాదు.

నాకు ఇంకా ఎక్కువ బెంగ కలిగించేది కంటికి కనిపించని లోపం. పాత ఫిల్మ్‌కు కిరణాలు ఎక్కువైతే నల్లగా మాడిపోయినట్టు వచ్చేది, వెంటనే తెలిసేది. ఇప్పుడు నలుపు తెలుపులను సాఫ్ట్‌వేరే సర్దేస్తుంది. కిరణాలు తక్కువైతే బొమ్మ ఇసుక చల్లినట్టుంటుంది, మేం అడుగుతాం. ఎక్కువైతే మరింత నున్నగా వస్తుంది, ఎవరూ అడగరు. అలా డోసు నెమ్మదిగా పెరిగిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి కొత్త మెషిన్లలో ప్రతి ఎక్స్‌రేతో పాటు డీవియేషన్ ఇండెక్స్ అనే అంకె వస్తుంది. సున్నా అయితే అనుకున్నంత పడినట్టు. ప్లస్ 3 అంటే రెట్టింపు, మైనస్ 3 అంటే సగం. అయితే ఆ అంకెను లెక్కించేది ఆ డిటెక్టర్ ఇచ్చిన కొలతతోనే. అది తప్పు చెబితే? కాబట్టి విడిగా డోసు మీటర్ పెట్టి పోల్చి చూడాలి. సన్నటి సీసపు గీతలున్న టెస్ట్ పలకతో బొమ్మ స్పష్టత కూడా పరీక్షించాలి.

మన దేశంలో ఎక్స్‌రే మెషిన్ నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ లైసెన్సు ఉండాలి. రెండేళ్లకోసారి క్వాలిటీ అష్యూరెన్స్ (క్యూఏ) పరీక్ష, అంటే మెషిన్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష చేయించాలి. రెండేళ్లంటే చాలా కాలం, మధ్యలో సెంటర్ వాళ్లు సొంతంగా చేసుకునే పరీక్షలే పేషెంటును కాపాడతాయి. 'క్యూఏ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారు?' అని మీరు మొహమాటం లేకుండా అడగండి.

ఇక అమ్మగారి దగ్గు. రెండు వారాలు దాటిన దగ్గుకు ఎక్స్‌రే నార్మల్‌గా ఉన్నా తెమడ పరీక్ష చేయించాలి. టీబీకి ఈ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఈ వారంలోనే తీసుకెళ్లండి, రెండు ఎక్స్‌రేలూ వెంట పెట్టుకోండి. దగ్గులో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, ఆయాసం వస్తున్నా ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.