షికాగో బేర్స్ మీద రాసేముందు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ముప్ఫై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి నీ కోపం నాకు కొత్తగా అనిపించలేదు. మన ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బేర్స్ ఓడిన ఆదివారం రాత్రి నాకూ అన్నం సయించదు.

కానీ ఆ మొదటి పేరా తీసెయ్. "2017 డ్రాఫ్ట్‌లో మహోమ్స్‌ను వదిలేసి ట్రుబిస్కీని తీసుకున్న మూర్ఖులు" అని మొదలుపెట్టావు. కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఆ డ్రాఫ్ట్‌లో ఇద్దరూ బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌లే. మహోమ్స్ ఆ తర్వాత కాన్సాస్ సిటీ జట్టుతో లీగ్ ఫైనల్స్ అయిన మూడు సూపర్ బౌల్‌లు గెలిచాడని ఇప్పుడు అందరికీ తెలుసు. ఫలితం తెలిశాక ఎవరైనా తిట్టగలరు. నువ్వు ఆ ఏప్రిల్ రాత్రికి వెళ్లి, బేర్స్ జనరల్ మేనేజర్ ర్యాన్ పేస్ పక్కన నిలబడి రాయి. అప్పటికి ఆయనకు ఏం తెలుసు?

ట్రుబిస్కీ కాలేజీలో మొదటి నుంచీ ఆడిన మ్యాచ్‌లు పదమూడే అని తెలుసు. నెలన్నర క్రితమే మరో క్వార్టర్‌బ్యాక్ మైక్ గ్లెనన్‌ను మూడేళ్లకు 4.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో తనే తెచ్చానని తెలుసు. అయినా మూడో స్థానం నుంచి రెండో స్థానానికి, అంటే ఒక్క మెట్టు ఎక్కడానికి, శాన్‌ఫ్రాన్సిస్కోకు మరో మూడు పిక్‌లు (ఎంపిక వంతులు) అదనంగా ఇచ్చాడు. ఈ వివరాలు నీ వ్యాసంలో ఐదో పేరాలో ఉన్నాయి. వాటిని పైకి తీసుకురా.

ఇంకొకటి. "అంత ధర పెట్టి పైకి వెళ్లడమే తప్పు" అని తేల్చేశావు. ఇక్కడ ఆగి కాస్త ఆలోచించు. మహోమ్స్ కోసం కాన్సాస్ సిటీ కూడా పైకి వెళ్లింది. ఇరవై ఏడు నుంచి పదికి వెళ్లడానికి మరుసటి ఏడాది మొదటి రౌండ్ పిక్ కూడా ఇచ్చుకుంది. బేర్స్ కన్నా ఎక్కువే పెట్టింది. మరి వాళ్లకు కలిసొచ్చి, మనకెందుకు రాలేదు?

నాకు తోచింది చెబుతాను. అక్కడ ఆండీ రీడ్ ఐదో ఏడాది కోచ్. క్వార్టర్‌బ్యాక్‌గా అలెక్స్ స్మిత్ జట్టును నడుపుతున్నాడు. మహోమ్స్ ఆ సీజన్‌లో చివరి మ్యాచ్ ఒక్కటే ఆడాడు, మిగతా ఏడాదంతా పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఇక్కడ ట్రుబిస్కీని ఐదో మ్యాచ్‌కే దింపారు. సీజన్ అయిపోగానే కోచ్ జాన్ ఫాక్స్‌ను పంపేశారు. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు కదా. బేర్స్‌లో నారు పోసేది ఒకరు, నీరు పెట్టడానికి వచ్చేది ఇంకొకరు.

ఇది ఒక్కసారి జరిగి ఉంటే దురదృష్టం అనుకోవచ్చు. 2021లో మరో క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్‌ను తెచ్చారు, సీజన్ ముగియగానే కోచ్ మ్యాట్ నాగీని, ఆయనతోపాటు పేస్‌నూ తీసేశారు. ఫీల్డ్స్ మొదటి నుంచీ ఆడిన తొలి మ్యాచ్ క్లీవ్‌లాండ్‌తో. ఆ రోజు అతన్ని తొమ్మిదిసార్లు పడగొట్టారు. ముందు నిలబడి కాపాడాల్సిన వరస చిల్లులు పడ్డ దడిలా ఉంటే ఆ కుర్రాడు ఏం చేస్తాడు! 2024లో ఇంకో క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్‌ను మొదటి పిక్‌గా తీసుకున్నారు. అంతకుముందు రెండేళ్లలో 10 గెలిచి 24 ఓడిన కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లూస్‌ను మాత్రం అలాగే ఉంచారు. నవంబర్‌లో ఆయన్నీ తీసేశారు. సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ను తీసేయడం ఆ జట్టు చరిత్రలో అదే మొదటిసారి. ముగ్గురు కుర్రాళ్లు, ముగ్గురికీ మొదటి ఏడాదే గురువు మారాడు. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే. నీ దగ్గర ఇది మూడు ముక్కలుగా మూడు చోట్ల పడి ఉంది.

ఎబర్‌ఫ్లూస్ కోచింగ్ తప్పు గురించి రాసేటప్పుడు విశేషణాలు తగ్గించు. "దారుణమైన టైమ్ మేనేజ్‌మెంట్" అన్నావు. ఆ థాంక్స్‌గివింగ్ రోజు డెట్రాయిట్‌లో ఏం జరిగిందో అలాగే రాయి. మూడు పాయింట్లే వెనకబడి ఉన్నాం. విలియమ్స్ కింద పడ్డాడు. గడియారం ఆపించే టైమౌట్ ఒకటి చేతిలో ఉంది. గడియారం నడుస్తూనే ఉంది. మా స్నేహితుడి ఇంట్లో పది మందిమి చూస్తున్నాం. అన్నం గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వస్తున్న వాళ్లావిడ గడప దగ్గరే నిలబడిపోయి, "ఆపమనండి, ఎవరూ ఆపమనరేంటి?" అంది. దాదాపు అరనిమిషం అలాగే కరిగిపోయింది. ఆరు సెకన్లుండగా బంతి కదిలింది, పాస్ అందలేదు, ఆట అయిపోయింది. టైమౌట్ వాడకుండానే మిగిలింది. మర్నాడే కోచ్ ఉద్యోగం పోయింది.

ట్రుబిస్కీని "దద్దమ్మ" అన్న మాట కొట్టేశాను. ఇరవై రెండేళ్ల పిల్లాడు తనను తాను రెండో స్థానంలో ఎంచుకోలేదు. నీ కోపమంతా ఎంచినవాళ్ల మీదే ఉండనీ.

మొదటి పేరా ఎక్కణ్నుంచి ఎత్తుకోవాలంటావా? 2019 డిసెంబర్, బేర్స్ సొంత మైదానం సోల్జర్ ఫీల్డ్. టచ్‌డౌన్ పాస్ వేసిన మహోమ్స్, తనను వదిలేసిన ఊళ్లో, ఒక్కో వేలూ చూపిస్తూ పది దాకా లెక్కపెట్టాడు. ఆ వేళ్లను దగ్గర నుంచి చూపించు చాలు. పదో పిక్ అని నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

తిరగరాసి వచ్చే ఆదివారం లోపు పంపు. డెట్రాయిట్ మ్యాచ్ చివరి నిమిషం వీడియో ఇంకోసారి చూడు. ఈసారి కోచ్‌ను వదిలేసి, విలియమ్స్ ఎటు చూస్తున్నాడో రాసుకో.

ఆశీస్సులతో,
మీ బాబాయ్