ప్రేమించిన రాజులు సరే, ఆ రాణులేమన్నారు?

రాజుల ప్రేమకథల మీద ప్రశ్నలు పంపండని పోయిన నెల అడిగితే, వచ్చిన ఉత్తరాల్లో సగం చరిత్రలో రాజుల గురించి, మిగతా సగం ఎవరింట్లో రాజుల గురించి వాళ్ళు రాసినవి. రెండో రకంలో కొన్ని అచ్చేస్తే కాపురాలు కూలతాయి, అవి పక్కన పెట్టేశాను.

ప్ర: అక్కా, మా ఆయన మాట్లాడితే "నీకోసం తాజ్ మహల్ కడతా" అంటాడు. వంటింట్లో కొళాయి కారబట్టి మూడు నెలలైంది, వాషర్ మార్చడానికి తీరిక లేదు. షాజహాన్ నిజంగానే భార్యను అంత ప్రేమించాడా?
(ఒక గృహిణి, ప్రొద్దుటూరు)

జ: ప్రేమించాడమ్మా, అందులో అనుమానం లేదు. 1607లో నిశ్చితార్థం, అప్పటికి ఆయనకు పదిహేనేళ్ళు, ఆమెకు పద్నాలుగు, పెళ్ళి మాత్రం 1612లో. ఐదేళ్ళు ఆమె కోసం ఎదురుచూశాడని గొప్పగా చెబుతారు గానీ ఆ మధ్యలోనే, 1610లో, ఇంకో పెళ్ళి చేసుకున్నాడని ఎవరూ చెప్పరు. ముంతాజ్ అసలు పేరు అర్జుమంద్ బానూ. పందొమ్మిదేళ్ళ కాపురంలో పద్నాలుగు కాన్పులు, బతికిన బిడ్డలు ఏడుగురు. ఆయన దండయాత్రకు బయల్దేరితే ఈమె కడుపుతో ఉన్నా సరే వెంట పోవడమే, గుడారాల్లో ఉండటమే. చివరికి 1631 జూన్‌లో బుర్హాన్‌పూర్‌లో పద్నాలుగో కాన్పుకే ప్రాణం పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు. ముందు అక్కడే తపతి ఒడ్డున తోటలో పూడ్చిపెట్టారు, తర్వాత కొన్ని నెలలకు ఆగ్రాకు తెచ్చారు. 1632లో మొదలైన పని చుట్టూ కట్టడాలన్నీ కలిపి పూర్తయ్యేసరికి 1653 అయింది. కట్టిన పనివాళ్ళ చేతులు నరికించాడనేది మాత్రం కట్టుకథ, నమ్మకండి.

ఈసారి మీ ఆయన తాజ్ మహల్ ఎత్తితే పద్నాలుగు కాన్పుల సంగతి చెప్పి, చేతిలో రెంచి పెట్టండి.

ప్ర: మేడమ్, ప్రేమ కోసం సింహాసనం వదిలేసిన ఇంగ్లండు రాజు గురించి రాయండి. నేనూ మా నాయన ఆస్తి మొత్తం వద్దనుకుని, వేరే కులం అమ్మాయిని చేసుకోవాలనుకుంటున్నా. ఆయనే నాకు ఆదర్శం.
(ఎంబీఏ చదివిన యువకుడు, కడప)

జ: ఆదర్శం అనేముందు ఆయన లెక్కలు కొంచెం చూడు బాబూ. ఎనిమిదో ఎడ్వర్డ్ 1936 జనవరిలో రాజయ్యాడు, అదే ఏడాది డిసెంబరు 11న దిగిపోయాడు, మధ్యలో పట్టాభిషేకం కూడా జరగలేదు. ఆయన ప్రేమించిన వాలిస్ సింప్సన్ అమెరికా ఆవిడ, అప్పటికే ఒక విడాకులయ్యాయి, రెండో భర్తతో విడాకులు నడుస్తున్నాయి. మాజీ భర్తలు బతికుండగా మళ్ళీ పెళ్ళంటే అక్కడి చర్చి ఒప్పుకోదు, ఆ చర్చికి పెద్ద మళ్ళీ రాజే. ప్రధాని బాల్డ్విన్ కూడా కుదరదన్నాడు. నేను ప్రేమించిన మనిషి తోడు లేకుండా ఈ బరువు మోయలేనని రేడియోలో చెప్పి పోయాడు, విన్నవాళ్ళు ఏడ్చారు. అయితే వట్టి చేతులతో పోలేదు. శాండ్రింగ్‌హామ్, బాల్మోరల్ ఆయన సొంత ఆస్తులు కాబట్టి, కొత్తగా రాజైన తమ్ముడు డబ్బిచ్చి వాటిని కొనుక్కోవాల్సి వచ్చింది. డ్యూక్ బిరుదు వచ్చింది, యుద్ధకాలంలో బహామాస్ దీవులకు గవర్నరు ఉద్యోగమూ వచ్చింది. 1937లో పెళ్ళయ్యాక జర్మనీ పోయి హిట్లర్‌ను కలిసొచ్చాడు, అది వేరే తలనొప్పి.

ఇందులో జనం మర్చిపోయే ముక్క ఒకటుంది. ఆయన దిగిపోవడానికి నాలుగు రోజుల ముందు, డిసెంబరు 7న, వాలిస్ ఫ్రాన్సులోని కాన్ నుంచి ఒక ప్రకటన ఇచ్చింది. ఈ గొడవ తీరుతుందంటే నేను పక్కకు తప్పుకోవడానికి సిద్ధం అని. ఆయన వినలేదు. చరిత్రలో నిలిచింది ఆయన త్యాగం, తిట్లు తిన్నది ఆమె, చచ్చేదాకా ఆమెకు రాజకుటుంబపు గౌరవ బిరుదు ఇవ్వనే లేదు.

నీ ఉత్తరం మూడు పేజీలుంది. మూడు పేజీలూ నీ త్యాగమే, ఆ అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ముందు ఆమెను అడుగు. తర్వాత ఉద్యోగం చూసుకో, ఆ తర్వాత ఆస్తి వద్దను. కులం దగ్గర మాత్రం మీ నాయనకు భయపడకు.

ప్ర: భాగమతి ఉందా లేదా? మా హాస్టల్లో బిర్యానీ పందెం.
(డిగ్రీ విద్యార్థులు, ఆదోని)

జ: పందెం తేలదు నాయనా, బిర్యానీ డబ్బులు సగం సగం పంచుకోండి. మీకు తెలిసిన కథ ఏంటి? మహమ్మద్ కులీ కుతుబ్ షా యువరాజుగా ఉన్నప్పుడు, వరద మీదున్న మూసీలో గుర్రాన్ని దించి భాగమతి కోసం అవతలి ఒడ్డుకు పోయాడు, కొడుకు మునిగిపోతాడని భయపడి తండ్రి ఇబ్రహీం వంతెన కట్టించాడు, అదే పురానాపూల్. వినడానికి బాగుంది. వంతెన 1578 నాటిది, పిల్లవాడు పుట్టింది 1565లో. అంటే వరదలో గుర్రం దించినప్పుడు మన హీరోకు పదమూడేళ్ళు! ఎనిమిదో తరగతి పిల్లవాడి ప్రేమకు వంతెన కట్టించే తండ్రి ఎవరో మీరే చెప్పండి.

అలాగని మొత్తం కొట్టిపారేయలేం. ఆ కాలంలోనే రాసిన ఫెరిష్తా, అక్బరు కొలువులోని ఫైజీ, ఇద్దరూ హైదరాబాదుకు భాగ్‌నగర్ అనే పేరు, దాని వెనకున్న ఆమె మాట రాశారు. మరోవైపు షేర్వానీ లాంటి చరిత్రకారులు ఇదంతా పుకారని వాదించారు. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీల సమాధులు అన్నేసి ఉన్నాయి కదా, భాగమతిదని చెప్పే సమాధి ఒక్కటీ లేదు. నాకైతే ఎవరో ఒకామె ఉండే ఉంటుందనిపిస్తుంది, వంతెన కథ మాత్రం తర్వాత అల్లిందే.

ప్ర: సలీం, అనార్కలి?
(హిందూపురం)

జ: ఒక్క మాటలో అడిగారు, నేనూ పొట్టిగానే చెబుతా. సలీమే రాజయ్యాక జహంగీరు. తన జీవితం తానే రాసుకున్నాడు, తాగుడు గురించి కూడా దాచలేదు, అందులో అనార్కలి పేరు లేదు. లాహోరులో ఆమెదని చెప్పే సమాధి ఒకటుంది. అదే జహంగీరు 1611లో పెళ్ళి చేసుకున్న నూర్జహాన్ కథ చదవండి, అది జరిగిన కథ. నాణేల మీద ఆమె పేరు వేశారు. 1626లో జీలం ఒడ్డున మొగుణ్ణి సేనాపతి బందీగా పట్టుకుంటే ఏనుగెక్కి నదిలోకి దిగి పోరాడింది. ఇంత కథ ఉండగా మనవాళ్ళకు గోడలో పూడ్చిన పిల్ల మీదే మోజు.

ప్ర: పృథ్వీరాజు సంయుక్తను నిజంగా గుర్రం మీద ఎత్తుకుపోయాడా?
(నంద్యాల)

జ: పృథ్వీరాజ రాసో కావ్యంలో ఎత్తుకుపోయాడు. ఆయన కాలం శాసనాల్లో ఎక్కడా పోలేదు.

ప్ర: తిరుమల గుళ్ళో కృష్ణదేవరాయలకు అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరు రాణుల్లో ఎవరంటే ఆయనకు ఎక్కువ ఇష్టం?
(టీచరమ్మ, పెనుకొండ)

జ: రాయలవారు పోయాక కూడా ఇంట్లో గొడవ పెట్టాలని చూస్తున్నారు మీరు! ఆ రాగి విగ్రహాలు తిరుమలదేవి, చిన్నాదేవి. 1513 ఫిబ్రవరిలో రాయలు మొదటిసారి కొండకు వచ్చినప్పుడు ఇద్దరూ స్వామికి పాల నైవేద్యానికి చెరొక బంగారు గిన్నె ఇచ్చారు. దేవుడి దగ్గర సమానమే.

బయట కథలు వేరు. ఆయన బతికుండగానే హంపి చూసిన పోర్చుగీసు పేస్ రాసిందేమిటంటే, ముగ్గురు ముఖ్యమైన రాణుల్లో ఒకామె ఒరిస్సా రాజు కూతురు, ఒకామె శ్రీరంగపట్నం రాజు కూతురు, ఇంకొకామె భోగం మనిషి, చిన్నాదేవి ఆమేనంటారు. రాజు కాకముందు నుంచీ ప్రేమ, రాజునైతే నిన్నే పెళ్ళాడతానని ఆమె మాట తీసుకుంది, అయ్యాక ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆమె మీద ప్రేమతో కొత్త ఊరే కట్టించాడంటాడు పేస్. ఆ ఊరే ఇప్పటి హోసపేట. దానికి నాగలాపురమని పేరు పెట్టింది తల్లి నాగలాంబ పేరు మీదనేది ఇంకో మాట. ప్రియురాలి కోసం కట్టి అమ్మ పేరు పెట్టి ఉంటాడు, మన మగవాళ్ళ తెలివి మనకు తెలియనిదా.

తిరుమలదేవి వైపు కథ ముక్కు తిమ్మనది. పుట్టింటి నుంచి ఆమెతో వచ్చిన అరణపు కవి అంటారు ఆయన్ను. ఆమె కాలు పొరపాటున రాయలకు తగిలి ఆయన అలిగితే, తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ చేత ఏకంగా కృష్ణుడి తలనే తన్నించాడు. తన్నులు తిన్న కృష్ణుడు ఏమంటాడు? నువ్వు తన్నడం నాకు మన్ననే, నా ఒళ్ళు పులకరించి నిక్కపొడుచుకున్న వెంట్రుకలు ముళ్ళలా నీ పాదానికి గుచ్చుకుంటాయేమోనని బాధ అంటాడు. అలక తీరిందట. పద్యం నిజం, వెనక కథ జనం చెప్పుకునేది.

ప్ర: అన్నీ హంపి, హైదరాబాదు కథలేనా? మా కర్నూలు జిల్లాకు ఒక్క రాజుగారి ప్రేమకథ లేదా?
(ఆటో డ్రైవరు, కర్నూలు)

జ: ఉండేది తమ్ముడూ, 1970లో ప్రకాశం జిల్లాకు ఇచ్చేశాం. కంభం అప్పటిదాకా మీ జిల్లాలోదే.

పైన చెప్పిన ఒరిస్సా రాజు కూతురు గుర్తుందా? రాయలు కళింగ మీదికి పోయి గెలిచాక, సంధిలో భాగంగా ప్రతాపరుద్ర గజపతి తన కూతుర్ని ఇచ్చాడు. ఓడిపోయినవాడి బిడ్డ గెలిచినవాడింటికి కోడలు. ఆ కాపురం కుదరలేదంటారు. ఎందుకు చెడిందో ఊరికో కథ చెబుతుంది, అవన్నీ ఇక్కడ వద్దు. ఆమె రాయలకు దూరంగా కంభంలో ఒంటరిగా బతికిందని చెప్పుకుంటారు, గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్టిన అంత పెద్ద చెరువు కూడా గజపతి కూతురే కట్టించిందని అక్కడి మాట. తుక్కాదేవి అంటారు ఆమెను. తుక్కా పంచకం అని ఐదు సంస్కృత శ్లోకాలు ఆమె పేరు మీద ఉన్నాయి. ఒక దాంట్లో ఇలా ఉంటుంది: తుమ్మెద అడవంతా తిరిగింది, కొత్త పూలగుత్తులన్నీ చూసింది, సంపెంగను మాత్రం వాసన కూడా చూడలేదు. ఆమె అందగత్తె కాదా? అతను రసికుడు కాడా? ఏం లేదు, దేవుడి ఇష్టం అలా ఉంది, అంతే.

నేను చదివిన రాజుల ప్రేమకథలన్నిట్లో ఇదొక్కటే తిప్పి తిప్పి చదువుతాను. రాజును ఒక్క మాట అనలేదు, వదిలిపెట్టనూ లేదు. నంద్యాల మీదుగా గుంటూరు రైలెక్కితే కంభంలో ఆగుతుంది, తీరిక చేసుకుని ఆ చెరువు చూసిరా.

ప్ర: అనంతపురం ఒక రాణి పేరని మా సార్ చెప్పాడు. నిజమా?
(ఇంటర్ అమ్మాయి, అనంతపురం)

జ: అలాగే చెబుతారమ్మా. మొదటి బుక్కరాయల కాలంలో, 1364లో, చిక్కప్ప ఒడయరు అనే అధికారి పండమేరు మీద చెరువు కట్టించి, కట్టకు ఒక కొసన ఊరికి రాజు పేరు, రెండో కొసన ఊరికి రాణి అనంతమ్మ పేరు పెట్టాడని. బుక్కరాయసముద్రం, అనంతసాగరం. ఆ అనంతసాగరమే అనంతపురమైంది. ఆరున్నర శతాబ్దాల కిందటి మొగుడూ పెళ్ళాం చెరువుకు అటొకరు ఇటొకరు, నాకైతే తాజ్ మహల్ కంటే ఇదే నచ్చుతుంది. నీళ్ళన్నా తాగాం.

చిన్నప్పుడు మా అవ్వతో తాడిపత్రి బస్సులో పోతుంటే, కట్ట మీదికి రాగానే ఆమె వక్కాకు తిత్తి పక్కన పెట్టి నీళ్ళ వైపు తిరిగి రెండు చేతులూ జోడించేది. ఒకసారి కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి గండిలో నిలబడి ప్రాణమిచ్చిందని చెప్పే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మకు ఆ దండం. అప్పుడే బళ్ళో పాఠం విని ఉన్నానేమో, నా తెలివి చూపించుకుందామని, "అనంతమ్మకు పెట్టవా అవ్వా?" అని అడిగాను.

"ఆ యమ్మెవురు?" అనింది మా అవ్వ.